దమ్ము ఆగేది ఎక్కడ? ఊపిరితిత్తుల నెత్తుటి దారి, పరుగు సామర్థ్యం

(హనుమకొండలో వ్యాయామ ఉపాధ్యాయులు, రన్నింగ్ కోచ్‌లు, పోలీసు కొలువులకు ప్రాక్టీసు చేస్తున్న యువతీయువకుల ముందు ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం. చివర సభికులు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

పొద్దుగాల గ్రౌండ్‌కు వచ్చే పిల్లల్లో ఎవరిని అడిగినా ఒక లెక్క నోటికి చెప్తరు. మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. 2022 పోలీసు నోటిఫికేషన్లలో దేహదారుఢ్య పరీక్షకు పెట్టిన టైము అది. ఆ టైముల ఉరకాలంటే ఒంటికి ఎంత ఆక్సిజన్ కావాలో ముందు చూద్దాం. ఇవాళ చెప్పబోయేదంతా ఆ అంకె మీదనే నడుస్తది.

1600 మీటర్లను ఏడుంబావు నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 221 మీటర్లు. చదును నేల మీద పరుగుకు స్పోర్ట్స్ మెడిసిన్‌లో వాడే సూత్రం ఒకటున్నది. నిమిషానికి పోయే మీటర్లను 0.2తో గుణించి, దానికి 3.5 కలపాలె. 44కు మూడున్నర కలిపితే కిలో బరువుకు నిమిషానికి 47, 48 మిల్లీలీటర్ల ఆక్సిజన్. 60 కిలోల పిల్లగాడికి నిమిషానికి సుమారు 2,850 మిల్లీలీటర్లు అన్నట్టు. ఆడపిల్లల 800 మీటర్లకు ఇదే సూత్రం పెడితే కిలోకు 33, 34 వస్తది. ఇందులో కొంత భాగం ఆక్సిజన్ లేకుండా కండరం తనంతట తాను తయారుచేసుకునే శక్తితో నడుస్తది, ముఖ్యంగా చివరి 200 మీటర్లు. అయినా ఏడు నిమిషాల పరుగులో పెద్ద వాటా ఆక్సిజన్‌దే. 400 మీటర్ల పరుగు సంగతి వేరు. మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవంజి 2024లో జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ పోటీల టీ20 విభాగంలో 55.07 సెకన్లలో అప్పటి ప్రపంచ రికార్డు పెట్టిన 400 మీటర్ల పరుగులో కండరం సొంత శక్తి చాలా ఎక్కువ పనిచేస్తది. 1600కు ఆ లెక్క నడవదు.

ఈ 2,850 అందకపోతే మనం ఏమంటం? "వీనికి దమ్ము లేదు, లంగ్స్ కెపాసిటీ తక్కువ" అంటం. ఊపిరితిత్తులు బాగున్న మనిషి విషయంలో ఈ మాట దాదాపు ఎప్పుడూ తప్పే. ఆరోగ్యంగా ఉన్న యువకుడు బలమంతా పెట్టి ఊదితే నిమిషానికి 120 నుంచి 150 లీటర్లు, ఇంకా పైన కూడా గాలి ఆడించగలడు. ప్రాణం పెట్టి ఉరికినా అందులో 60 నుంచి 80 శాతమే వాడుతడు. గాలి ఇంకా మిగిలే ఉంటది. పరుగు ఆపంగనే వేలికి ఆక్సీమీటర్ పెడితే 95కు పైనే చూపిస్తది. అంటే గాలి లోపలికి పోయింది, ఆ గాలిలోని ఆక్సిజన్ నెత్తుట్లకు ఎక్కింది. అయినా కాళ్లు పడిపోయినయి. ఎందుకు?

దీనికి జవాబు 1870లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రంలో ఉన్నది. ఒళ్లు వాడుకునే ఆక్సిజన్ అంటే, గుండె నిమిషానికి పంపే నెత్తురును, ఆ నెత్తురు లీటరుకు ఎంత ఆక్సిజన్ దించి వచ్చిందో దానితో గుణించడమే. హిమోగ్లోబిన్ గ్రాముకు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తది. 15 గ్రాములున్న మనిషి నెత్తురు 100 మిల్లీలీటర్లలో దాదాపు 20 మిల్లీలీటర్లు ఉంటది. గట్టిగా ఉరికేటప్పుడు కండరాలు అందులో 15 దాకా లాక్కుంటయి. లీటరుకు 150 అన్నట్టు. 2,850ని 150తో భాగించండి, 19 లీటర్లు. కూర్చున్నప్పుడు 5 లీటర్లు పంపే గుండె ఇప్పుడు నిమిషానికి 19 లీటర్లు పంపాలె.

ఆ పిల్లగాడికే హిమోగ్లోబిన్ 10 ఉన్నదనుకోండి. 100 మిల్లీలీటర్ల నెత్తుట్ల ఆక్సిజన్ 13కు పడిపోతది, దించగలిగేది మహా అయితే 10. అదే టైముకు ఇప్పుడు 28 లీటర్లకు పైగా నెత్తురు కావాలె. ఏండ్ల తరబడి సాధన చేసిన అథ్లెట్లకు తప్ప ఆ ప్రవాహం ఎవరికీ రాదు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నరని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చెప్పింది. ఆడపిల్లను గ్రౌండ్‌కు తెచ్చే కోచ్‌లకు నా విన్నపం ఇదే: బూట్లు కొనే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పీహెచ్‌సీలో ఉచితంగా అయిపోతది.

సరే, ఈ 19 లీటర్లు ఎటు పోతయి? కాళ్లకు, మెదడుకు, పొట్టకు, చర్మానికి వాటాలు వేసుకుని పోతయి. కానీ ఊపిరితిత్తుల దగ్గర వాటాలు లేవు. గుండె కుడి భాగం నిమిషానికి 19 లీటర్లు పంపితే మొత్తం 19 లీటర్లూ ఆ రెండు తిత్తుల గుండానే పోవాలె, అటునుంచే ఎడమ గుండెకు రావాలె. అక్కడ ఎంత దాటితే ఒంటికి అంతే దొరుకుతది. పరుగు గురించి మాట్లాడేటప్పుడు ఊపిరితిత్తుల గాలి కంటే ఊపిరితిత్తుల నెత్తురు ముందు చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఈ దారి చాలా మెత్తటి దారి. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ 120/80. కుడి జఠరిక (గుండె కుడి కింది గది) నుంచి ఊపిరితిత్తులకు బయల్దేరే పుపుస ధమనిలో బీపీ 25/10 అంతే, సగటున 14 మిల్లీమీటర్ల పాదరసం. ఎడమ జఠరిక గోడ దాదాపు 10 మిల్లీమీటర్ల మందం. కుడి జఠరిక గోడ 3 నుంచి 5. తక్కువ ఒత్తిడికి ఎక్కువ నెత్తురు నడిపించేందుకే అది ఉన్నది, ఒత్తిడితో కొట్లాడే శక్తి దానికి లేదు. కూర్చున్నప్పుడు ధమనిలో 14, ఆ చివర ఎడమ కర్ణికలో, అంటే ఎడమ పై గదిలో 8. తేడా ఆరే మిల్లీమీటర్లు. ఆ ఆరింటితోనే 5 లీటర్లు దాటిపోతున్నయి.

ఇప్పుడు ప్రవాహం నాలుగింతలు అయింది. దారి అంతే ఉంటే ఒత్తిడి తేడా కూడా నాలుగింతలు కావాలె. ఎడమ కర్ణికలో కూడా కొంత పెరుగుతది కాబట్టి ధమనిలో సగటు 35 దాటాలె. కానీ ఆరోగ్యంగా ఉన్న పడుచు మనిషిలో 25, 30 మధ్యనే ఆగుతది. మన కాకతీయుల చెరువుల దగ్గర పెరిగినోళ్లకు ఇది తొందరగా అర్థమైతది. వాన పడి నీళ్లు ఎక్కువైనప్పుడు మూసి ఉన్న తూములు కూడా తెరిస్తే కట్ట మీద బరువు పడదు. ఊపిరితిత్తుల్లో కూర్చున్నప్పుడు మూసుకుని ఉన్న కేశనాళికలు (చాలా సన్నటి నెత్తుటి నాళాలు) పరుగుతో తెరుచుకుంటయి, అప్పటికే తెరిచి ఉన్నవి ఇంకొంత వెడల్పు అయితయి.

మూసుకుని ఉండేవి ఎక్కడున్నయి? ఎక్కువగా పైభాగంలో. నిలబడ్డ మనిషి ఊపిరితిత్తి కింది నుంచి పైదాకా దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తు. అంత ఎత్తు నెత్తురు బరువు 23 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. ధమనిలో సగటు ఒత్తిడే 14 అయినప్పుడు పై అంచుదాకా నెత్తురు ఎక్కడం కష్టం. అందుకే నిలబడి ఊరకున్నప్పుడు గాలి పైకి పోతది కానీ నెత్తురు ఎక్కువగా కింది భాగంలోనే తిరుగుతది. ఉరకడం మొదలు పెట్టంగనే ఒత్తిడి కొంత పెరిగి నెత్తురు పైకి ఎక్కుతది, గాలీ నెత్తురూ కలిసే జాగ పెరుగుతది. పైభాగం మనకు పరుగు కోసం దాచిపెట్టిన నిల్వ. టీబీ ఎక్కువగా దెబ్బతీసేది కూడా ఆ పైభాగాన్నే. మందులన్నీ వాడి టీబీ నయమైన పిల్లగాడు నడకలో బాగుండి పరుగులో వెనకపడడానికి ఇదొక కారణం. బద్ధకమని తిట్టకండి.

ఇంకొక అంకె చూపిస్త, నాకు ఇది చాలా ఇష్టమైన లెక్క. ఏ క్షణంలోనైనా ఊపిరితిత్తుల కేశనాళికల్లో ఉండే నెత్తురు, మనిషి ఊరకున్నప్పుడు, దాదాపు 70 మిల్లీలీటర్లు. చిన్న టీ కప్పు కూడా నిండదు. ఆ నెత్తురును 50 నుంచి 100 చదరపు మీటర్ల వెడల్పున, మిల్లీమీటర్‌లో మూడు వేల వంతుల్లో ఒక వంతు పలుచని పొర మీద పరిచినట్టు పెట్టింది ప్రకృతి. ఎర్రకణం ఆ పొర పక్కనుంచి దాటిపోయేటప్పుడే ఆక్సిజన్ ఎక్కించుకోవాలె. ఎంతసేపు దొరుకుతది? నిమిషానికి 5 లీటర్లంటే సెకనుకు 83 మిల్లీలీటర్లు. 70ని 83తో భాగిస్తే ముప్పావు సెకనుకు కొంచెం పైన. ఆక్సిజన్ పూర్తిగా ఎక్కేందుకు కావాల్సింది పావు సెకను మాత్రమే. అంటే మూడింతల టైము చేతిలో ఉన్నది.

ప్రవాహం 25 లీటర్లకు పోయిందనుకోండి, సెకనుకు 416 మిల్లీలీటర్లు. కేశనాళికల్లో 70 మిల్లీలీటర్లే ఉంటే ఎర్రకణానికి దొరికేది 0.17 సెకను. ఆక్సిజన్ పూర్తిగా ఎక్కకముందే వెళ్లిపోవాల్సి వస్తది. కానీ మూసుకున్నవి తెరుచుకున్నయి కదా, ఇప్పుడు అక్కడ 200 మిల్లీలీటర్ల దాకా ఉంటది. 200ను 416తో భాగిస్తే దాదాపు అర సెకను. కణం నెమ్మదిగా పోయినట్టే, ఆక్సిజన్ పూర్తిగా ఎక్కుతది. కేశనాళికలు తెరుచుకోవడం ఒకేసారి రెండు పనులు చేస్తున్నది చూడండి: కుడి గుండె మీద బరువు తగ్గిస్తున్నది, ఆక్సిజన్ ఎక్కేందుకు టైము కాపాడుతున్నది. జబ్బుతో ఈ కేశనాళికలు పోతే రెండూ ఒకేసారి చెడిపోతయి.

చాలా పైస్థాయి ఓర్పు క్రీడాకారుల్లో కొందరికి ఈ ఏర్పాటు కూడా సరిపోదు. గుండె సాధనతో పెద్దదై 30, 35 లీటర్లు పంపుతది, ఊపిరితిత్తులు మాత్రం సాధనతో అంతగా పెరగవు. అప్పుడు ఆక్సిజన్ శాతం 90 దగ్గరకు, కొందరిలో ఇంకా కిందికి పడుతది. పందెపు గుర్రాలలో అయితే పుపుస ధమని ఒత్తిడి 100 దాటి, ఆ పలుచని పొర చిట్లి ముక్కులోంచి నెత్తురు వస్తది. మన గ్రౌండ్‌లో ఉరికే పిల్లలకు ఈ భయం అక్కర్లేదు. మన పిల్లగాడికి 1600 తర్వాత 88 కనపడిందంటే అది గొప్ప అథ్లెట్ లక్షణం అనుకోకండి, డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు అసలు చెడేది ఎట్లనో చెప్త. ఊపిరితిత్తుల నాళాలు బిరుసెక్కినా, మూసుకుపోయినా, లేదంటే అవతల ఎడమ గుండెలో ఒత్తిడి పెరిగి వెనక్కి తన్నినా, పరుగులో ధమని ఒత్తిడి గబగబా ఎక్కుతది. మామూలుగా ప్రవాహం లీటరు పెరిగితే సగటు ఒత్తిడి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పెరగాలె, వయసు మీదపడితే రెండు, రెండున్నర. మూడు దాటితే అది జబ్బు అని 2022 యూరప్ మార్గదర్శకాలు గీత గీసినయి. ఊరకున్నప్పుడు సగటు 20 దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్, అంటే ఊపిరితిత్తుల నాళాల్లో బీపీ ఎక్కువవడం. పలుచని కుడి జఠరిక ఆ ఒత్తిడికి ఎదురొడ్డలేక ఉబ్బుతది. గుండె గదులన్నీ ఒకే సంచిలో ఉన్నయి కాబట్టి ఉబ్బిన కుడి జఠరిక నడిమి గోడను ఎడమ దిక్కు నెడుతది. ఎడమ జఠరిక నిండేందుకు జాగ తక్కువైతది. దెబ్బకు పంపే నెత్తురు పెరగదు, గుండె వేగంతోనే నెట్టుకురావాలె. కాళ్లేమో నెత్తురు అడుగుతనే ఉంటయి, నాళాలు తెరుచుకునే ఉంటయి, మెదడుకు అందదు. పిల్ల ఉరుకుతూ ఉరుకుతూ కళ్లు తిరిగి పడిపోతది.

ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలె. పరుగు ఆపి నిలబడ్డాక కళ్లు తిరగడం వేరు. అది కాళ్లలో నెత్తురు నిలిచిపోవడం వల్ల వస్తది, నడిపిస్తే పోతది. ఉరుకుతుండంగనే స్పృహ తప్పడం మాత్రం గుండె, నాళాల జబ్బు కాదని తేలేదాకా ప్రమాద సూచనే. ఎండ వల్ల అని, తినలేదని సర్దిచెప్పి మళ్లీ ఉరికించకండి.

మన దిక్కు ఏ జబ్బులు ఈ దారిని చెడగొడుతున్నయి? అన్నిటికంటే ముందు చెప్పాల్సింది రుమాటిక్ గుండె జబ్బు. 5 నుంచి 15 ఏళ్ల మధ్య గొంతునొప్పి, జ్వరం, కీళ్ల వాపులు వచ్చి పోతయి, ఇంట్లో మర్చిపోతరు. పదేళ్ల తర్వాత ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ సన్నబడుతది. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుండే దారి ఒకటిన్నర కిందికి వస్తది. కూర్చుంటే ఏ బాధా ఉండదు. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకునేటప్పుడు దెబ్బకు దెబ్బకు మధ్య నిండేందుకు అర సెకను దొరుకుతది. 150 అయితే 0.2 సెకను. సన్నపు దారి, తక్కువ టైము, ఎక్కువ నెత్తురు. నెత్తురు ఎడమ కర్ణికలో, దాని వెనక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతది. ఒత్తిడి 25 దాటితే నీరు గాలిగదుల్లోకి ఊరుతది. అందుకే ఆ పిల్లకు నాట్లప్పుడు, గుట్ట ఎక్కేటప్పుడు, గర్భం వచ్చినప్పుడు దమ్ము (ఆయాసం) వస్తది, రాత్రి పడుకుంటే దగ్గు వస్తది. ఆస్తమా అని పంపులు వాడిస్తరు. స్టెతస్కోప్ పెట్టి శ్రద్ధగా వింటే, ఎకో (గుండె స్కాన్) తీస్తే బయటపడే జబ్బు ఇది. చాలామందికి బెలూన్‌తో వాల్వ్ వెడల్పు చేయవచ్చు. చిన్నప్పుడే గుర్తుపడితే మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో వాల్వ్‌ను కాపాడుకోవచ్చు.

పుట్టుకతో కర్ణికల మధ్య చిల్లు ఉన్నోళ్లది ఇంకో తీరు. ఎడమ దిక్కు నెత్తురు చిల్లు గుండా కుడికి వచ్చి మళ్లీ ఊపిరితిత్తులకే పోతది. కూర్చున్నప్పుడే అక్కడ రెండింతల ప్రవాహం. మూసుకుని ఉండాల్సిన కేశనాళికలన్నీ ముందే తెరుచుకుని ఉంటయి, పరుగుకు నిల్వ మిగలదు. సన్నగా, తరచూ జలుబు చేసే, బడి ఆటల్లో ఎప్పుడూ చివర ఉండే పిల్లల్లో ఇది దొరుకుతుంటది.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు గోండు, కొలాం బిడ్డల్లో సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే పుట్టుక జబ్బు) ఉన్నది. ఎర్రకణాలు పగిలి బయటపడ్డ హిమోగ్లోబిన్, నాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తది. నాళాలు బిగుసుకుంటయి. జబ్బు ఉన్నోళ్లకు ఏటా ఎకో తీయించడం మంచిది. ఒక్క జీన్ మాత్రమే ఉన్న క్యారియర్లు ఆటలు మానాల్సిన పని లేదు. నీళ్లు బాగా తాగాలె, ఎండలో ఆగకుండా ఉరకొద్దు, మొదటి రోజుల్లో జోరు మెల్లగా పెంచాలె.

కరీంనగర్ గ్రానైట్ క్వారీల రాతి దుమ్ము, బొగ్గు గనుల దుమ్ము, బీడీ, కట్టెల పొయ్యి పొగ — ఇవి గాలిదారినీ నాళాలనూ కలిపి తింటయి. వాటి గురించి వేరే రోజు మాట్లాడాలె. నెత్తుటి గడ్డల గురించి మాత్రం రెండు మాటలు. కాలు విరిగి పట్టీలో ఉన్నోళ్లకు, కాన్పు అయినోళ్లకు, చాలా రోజులు మంచం పట్టినోళ్లకు ఒక్క కాలు వాచి, ఆ తర్వాత అకస్మాత్తుగా దమ్ము వస్తే గడ్డ కాలు నుంచి ఊపిరితిత్తికి పోయిందని అనుమానించాలె, ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలె. మూడు నెలలు నెత్తురు పలుచబడే మందు వాడినా దమ్ము తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో గాలి, నెత్తురు ఎక్కడెక్కడ చేరుతున్నయో చూసే వీ-క్యూ స్కాన్ చేయించాలె. కొందరిలో గడ్డ కరగకుండా గోడకు అతుక్కుపోతది. ఆపరేషన్‌తో తీసే వీలున్న జబ్బు అది, అందుకే వదిలిపెట్టొద్దు.

ఇప్పుడు మీరు బడిలోనే చేయగలిగిన పరీక్ష ఒకటి చెప్త. ఆరు నిమిషాల నడక. చదునైన 30 మీటర్ల వరండా కావాలె, రెండు చివర్ల రెండు కోన్లు పెట్టండి. పది నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టి నాడి, ఆక్సిజన్ శాతం రాయండి. ఆయాసం ఎంత ఉన్నదో సున్నా నుంచి పది దాకా వాళ్లనే చెప్పమనండి. తర్వాత ఆరు నిమిషాలు ఎంత దూరం పోగలిగితే అంత దూరం నడవమనండి. ఉరకొద్దు. అలసిపోతే ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు. పక్కన మీరు నడవకండి, మీ వేగానికి వాళ్లు నడుస్తరు. ఆగంగనే మళ్లీ అన్నీ రాయండి. శాతం నాలుగు, అంతకంటే ఎక్కువ పడినా, 90 కిందికి పోయినా డాక్టరు దగ్గరికి పంపాలె. గోళ్ల రంగు తుడిపించండి, చల్లటి వేళ్లను రుద్ది వెచ్చజేయండి, మీటర్ మీద అల సరిగ్గా ఆడుతున్నదా చూసి అప్పుడు అంకె చదవండి. ఉరుకుతుండంగ చేయి ఊగుతది కాబట్టి అప్పుడు చూపించే అంకెను నమ్మొద్దు.

అంకె బాగుందని మాత్రం నిశ్చింతగా ఉండకండి. నాళాల జబ్బు మొదట్లో ఆక్సిజన్ శాతాన్ని ముట్టదు, ప్రవాహాన్ని తగ్గిస్తది. ఎక్స్‌రే బాగుంటది, ఊదే పరీక్ష బాగుంటది, "ఏం లేదు, టెన్షన్" అని పంపిస్తరు. అలాంటప్పుడు టూడీ ఎకో అడగండి. అందులో కుడి కర్ణికకు, కుడి జఠరికకు మధ్య ఉండే ట్రైకస్పిడ్ వాల్వ్ దగ్గర వెనక్కి వచ్చే నెత్తురు వేగం కొలుస్తరు. ఆ వేగాన్ని దానితోనే గుణించి, నాలుగింతలు చేస్తే ఒత్తిడి తేడా వస్తది. సెకనుకు 2.8 మీటర్లయితే 31 మిల్లీమీటర్లు, 3.4 అయితే 46. 2.8 దాటితే అనుమానం, 3.4 దాటితే జబ్బు ఉండే అవకాశం చాలా ఎక్కువ. కుడి జఠరిక ఉబ్బిందా, నడిమి గోడ చదునైందా అన్నది కూడా రిపోర్టులో ఉండాలె. ఊరకున్నప్పటి ఎకో మామూలుగా ఉన్నా పరుగులో దమ్ము ఆగకపోతే, సైకిలు తొక్కిస్తూ ముక్కుకు మాస్కు పెట్టి కొలిచే సీపెట్ పరీక్ష ఉన్నది. ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్ బయటికి పంపేందుకు మామూలు మనిషి 30 లీటర్ల లోపు గాలి ఆడిస్తడు. నెత్తురు చేరని గాలిగదులకు గాలి వృథాగా పోతుంటే అది 35, 40, ఇంకా పైకి ఎక్కుతది. కడపటి నిర్ధారణ మాత్రం గుండెలోకి సన్నటి గొట్టం పంపి ఒత్తిడి కొలిచే పరీక్షతోనే. 1929లో వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి నరం గుండా తన గుండెలోకే గొట్టం పంపుకుని చూపించిన పద్ధతి అది. 1956లో కూర్నాండ్, రిచర్డ్స్‌తో కలిపి ఆయనకు నోబెల్ వచ్చింది.

ఏ జబ్బూ లేని పిల్లల సంగతికి వద్దాం. సాధనతో ఏం పెరుగుతది? గాలిగదులు పెరగవు. నెత్తుట్ల నీటి భాగం వారం, రెండు వారాల్లోనే పెరుగుతది, గుండె దెబ్బకు పంపే నెత్తురు నెలల మీద పెరుగుతది, కండరంలో ఆక్సిజన్ వాడే శక్తి పెరుగుతది. అందుకని వారంలో ఎక్కువ రోజులు పక్కోనితో మాట్లాడుకుంటూ ఉరకగలిగే వేగంలో 30, 40 నిమిషాలు ఉరకాలె. వారానికి ఒక రోజు, మూడు నాలుగు వారాల తర్వాత రెండు రోజులు, గట్టి పరుగు: నాలుగు నిమిషాలు గుండె గరిష్ఠ వేగంలో 85 నుంచి 95 శాతానికి చేరేలా, మూడు నిమిషాలు మెల్లగా, ఇట్ల నాలుగుసార్లు. 7:15 వేగమంటే 400 మీటర్ల ఒక చుట్టు 109 సెకన్లు. పరీక్షకు నెల ముందు నుంచి 105 సెకన్లకు ఒక చుట్టు, రెండు నిమిషాలు నడక, మళ్లీ చుట్టు, ఇట్ల ఆరు చేయించండి. మొదటి చుట్టే 90 సెకన్లలో కొట్టి మూడో చుట్టుకు కూలబడే పిల్లల్ని నేల మీద రోజూ చూస్తుంటరు, వాళ్లకు దమ్ము సమస్య కాదు, వేగం పంచుకోవడం రాలేదు. ఎక్కడున్నరో చూసుకునేందుకు 12 నిమిషాల పరుగు చాలు: పోయిన మీటర్ల నుంచి 505 తీసేసి 44.7తో భాగించండి. 2,400 మీటర్లకు 42 వస్తది, 2,650 దాకా పోతే 48.

ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున ఏడింటికల్లా పరుగు ముగించాలె. చెమటతో నెత్తురు చిక్కబడి, మిగిలింది చర్మానికి మళ్లితే గుండెకు తిరిగొచ్చేదే తక్కువైతది, ఊపిరితిత్తులకు పంపేందుకు నెత్తురు ఉండదు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, ప్రాణాయామం చేసినా, ఆ ట్రైనింగ్ మాస్కు పెట్టుకుని ఉరికినా లంగ్స్ పెరుగుతయంటరు కదా?

ఊపిరి ఆడించే కండరాలు బలపడతయి, ఊపిరి లయ కుదురుతది, మనసు నిలకడగా ఉంటది. ప్రాణాయామం చేయండి, మంచిదే. కానీ ఒక్క కేశనాళిక కూడా కొత్తగా పుట్టదు. మాస్కు గాలి లాగడాన్ని కష్టం చేస్తది, అంతే. కొండ మీద ఉన్న గాలి పలుచదనం దానితో రాదు. ఆ మాస్కు వల్ల వేగంగా ఉరకలేకపోతే ఆ రోజు గుండెకు దొరకాల్సిన పని కూడా దొరకదు.

ప్రశ్న: మా తమ్ముడు లద్దాఖ్ పోతున్నడు సార్. ఇక్కడ బాగా ఉరుకుతడు. అక్కడ ఇబ్బంది ఉండదు కదా?

ఉండొచ్చు, ఉరికేవాళ్లకే ఎక్కువ ఉండొచ్చు, ఎందుకంటే తొందరపడతరు. ఆక్సిజన్ తక్కువైన గాలిగదికి పోయే నాళం నిమిషాల్లోనే బిగుసుకుంటది. వాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే ఇద్దరు 1946లో చూపించిన విషయం. ఇక్కడ అది మేలే, చెడిపోయిన భాగానికి నెత్తురు పోకుండా ఆపుతది. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, అక్కడ ఊపిరితిత్తులంతటా ఆక్సిజన్ తక్కువే కాబట్టి నాళాలన్నీ ఒకేసారి బిగుసుకుంటయి, ధమని ఒత్తిడి పెరుగుతది. అలాంటప్పుడు పరుగు కూడా తోడైతే కొందరిలో రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఊపిరితిత్తుల్లో నీరు చేరుతది. విమానం దిగినాక రెండు రోజులు పూర్తిగా ఊరకుండమనండి. 3,000 మీటర్ల పైన పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దు. కూర్చున్నా దమ్ము, పొడి దగ్గు, నురగ వస్తే ఆక్సిజన్ పెట్టి వెంటనే కిందికి దించాలె. పొద్దుటిదాకా చూద్దామనుకోవద్దు. మన నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. అంత ఎత్తుకు పోయే ఎవరైనా వారాల తరబడి ఒంటికి ఎత్తు అలవాటు చేసుకుంటూనే పోతరు. ఇంకొకటి, మీ తమ్ముడికి ఐరన్ తక్కువ ఉంటే ఇక్కడే సరిచేయించండి. ఐరన్ తక్కువున్నోళ్లలో ఆ నాళాల బిగువు ఇంకా ఎక్కువగా ఉంటది.

ప్రశ్న: కొన్ని జిమ్ములల్ల సిల్డెనఫిల్ గోళీ వేసుకుంటే స్టామినా వస్తదని ఇస్తున్నరు. నిజమేనా సార్?

పల్మనరీ హైపర్‌టెన్షన్ ఉన్నోళ్లకు అది నిజమైన మందు, నడక దూరం పెరుగుతది. చాలా ఎత్తైన కొండల మీద కూడా కొంత పనిచేస్తది. మన ఎత్తులో ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఊపిరితిత్తుల నాళాలు పరుగులో ఎట్లాగూ తెరుచుకునే ఉంటయి, గోళీ కొత్తగా తెరిచేది ఏమీ లేదు. వచ్చేది బీపీ పడిపోవడం, తలనొప్పి. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ గోళీలు వాడేవాళ్లు ఇది మింగితే ప్రాణాపాయం. ఆ జిమ్ము మారండి.

ప్రశ్న: సార్, మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి పరుగులో రెండుసార్లు పడిపోయింది. హిమోగ్లోబిన్ 12 ఉన్నది. తల్లిదండ్రులు కబడ్డీ సెలెక్షన్లకు పంపమంటున్నరు.

ఉరుకుతుండంగ పడిపోయిందా, ఆగినాకనా? ఉరుకుతుండంగనే అంటున్నరు. అయితే రేపటి నుంచి ప్రాక్టీసుకు పంపకండి మేడం, సెలెక్షన్ల తేదీ ఏదైనా సరే. ముందు ఈసీజీ, టూడీ ఎకో రెండూ కావాలె. చీటీ మీద "పరుగులో స్పృహ తప్పింది, రెండుసార్లు" అని పెద్దక్షరాలతో రాసి పంపండి, ఊరికే "ఆయాసం" అని రాస్తే వెనక వరుసలో పడుతది. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో అకస్మాత్తుగా చనిపోయినరా, అమ్మాయికి చిన్నప్పుడు కీళ్ల వాపు వచ్చిందా, గుండె దడ వచ్చి పడిందా, దడ లేకుండానే పడిందా — ఈ మూడూ తల్లిని అడిగి అదే చీటీ మీద రాయండి. రిపోర్టు వచ్చేదాకా బడి మెట్లు మెల్లగా ఎక్కనివ్వండి, ఆటల పీరియడ్‌లో స్కోరు రాసే పని ఇవ్వండి.